మీ ఇంటి గినీపందికి ఏం పెడుతున్నారు?

ఈ శీర్షికలో ఎప్పుడూ మనుషుల జబ్బుల గురించే రాస్తుంటాను. ఈ వారం ఒక చిన్న జంతువు గురించి రాస్తున్నాను. డాక్టరుగారికి రోగులు కరువయ్యారా అని నవ్వుకోకండి. ఈమధ్య పట్టణాల్లోనే గాక చిన్న చిన్న ఊళ్లలో కూడా పిల్లలు ముచ్చటపడి గినీపందుల్ని పెంచుకుంటున్నారు. వాటికి ఏం పెట్టాలో మాత్రం చాలామందికి తెలీదు. ఒకప్పుడు నాకూ తెలీదు. తెలీక చేసిన పొరపాటుకి ఒక ప్రాణం పోయింది. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత తిండి విషయానికి వస్తాను.

నేను కురిచేడులో పనిచేస్తున్న రోజులవి. ఒక సాయంత్రం ఓపీ అయిపోయి లేవబోతుంటే ఊళ్లో కిరాణా కొట్టు నడిపే ఒకాయన అట్టపెట్టె చేత్తో పట్టుకుని వచ్చాడు. వెనకాల పదేళ్ల కూతురు, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"ఏమనుకోకండి సార్. పశువుల డాక్టరుగారు టీకాల పనిమీద పల్లెలకి పోయారంట. ఇది లేవట్లా. పాప పొద్దుట్నించీ అన్నం ముట్టట్లా" అన్నాడాయన.

పెట్టెలో రెండు గినీపందులు. గుంటూరులో కొనుక్కొచ్చారట. ఇరుగుపొరుగు వాళ్లు వాటిని కుందేలు పిల్లలనే అనుకుంటున్నారు. ఒకటి మూలన ముడుచుకుని కూర్చుంది. వెంట్రుకలు నిగనిగలాడకుండా రేగిపోయి ఉన్నాయి. వెనక కాలు ముట్టుకోగానే కీచుమని అరిచింది. మోకాలి దగ్గర వాపు తెలుస్తోంది. రెండోది కాస్త నయం గానీ అదీ మందకొడిగానే ఉంది.

కీలు వాచింది, నొప్పి ఉంది, తిండి మానేసింది. మనిషికైతే ఏమనుకుంటానో అదే అనుకున్నాను. కీలులో చీము పట్టిందనుకుని, పసిపిల్లలకిచ్చే అమాక్సిసిలిన్ సిరప్పు ఇంకు ఫిల్లరుతో నాలుగేసి చుక్కలు పొయ్యమని ఇచ్చి పంపించాను. పసివాళ్లకి ఇచ్చే మందే గదా, ఏమవుతుందిలే అనుకున్నాను. రెండో రోజుకి దానికి విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగో రోజు చచ్చిపోయింది. ఆ కబురు చెప్పటానికి తండ్రి ఒక్కడే వచ్చాడు, పాప రాలేదు.

ఆ రాత్రి మా మేనల్లుడికి ఫోను చేశాను. వాడు తిరుపతి పశువైద్య కళాశాలలో చదువుకుని పశువుల డాక్టరుగా చేస్తున్నాడు. లక్షణాలన్నీ చెప్పాను. వాడు జబ్బు పేరు అడగలేదు. "ఏం పెడుతున్నారు మామయ్యా దానికి?" అన్నాడు.

నేను ఆ తండ్రిని అడిగి ఉండాల్సిన మొదటి ప్రశ్న అది. మర్నాడు కొట్టుకి వెళ్లి అడిగాను. బిస్కెట్లు, అన్నం, వేయించిన శనగపప్పు, ఎప్పుడైనా ఒక క్యారెట్టు ముక్క. కొట్లో ఉన్నవే పెట్టారు పాపం, ప్రేమగానే పెట్టారు. పచ్చగడ్డి? ఒక్క పరక కూడా లేదు. ఇంట్లో బండలు పాడవుతాయని ఇల్లాలు వద్దన్నదట.

ఆ సంగతి వాడితో చెప్తే, "అది స్కర్వీ మామయ్యా. విటమిన్ సి లేక వచ్చింది. ఇంతకీ నువ్వేం మందిచ్చావు?" అన్నాడు. చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

పెన్సిలిన్ జాతి మందులు, అంటే పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ లాంటివి నోటిద్వారా ఇస్తే గినీపంది పాలిట విషం. దాని పేగుల్లో గడ్డిని జీర్ణం చేసే మంచి క్రిములు కోటానుకోట్లు ఉంటాయి. ఈ మందు వాటిని చంపేస్తుంది. ఆ ఖాళీలో చెడ్డ క్రిములు పెరిగి విషం చిమ్ముతాయి. మన పేగులు ఆ దెబ్బకి చాలావరకు తట్టుకుంటాయి, దానివి తట్టుకోలేవు. అందుచేత ఇంట్లో పిల్లలకి తెచ్చి మిగిలిపోయిన యాంటీబయాటిక్ ఏదీ దాని నోట్లో పొయ్యకండి. నాలాంటి మనుషుల డాక్టరు చెప్పినా సరే పొయ్యకండి. అది పశువైద్యుడు తేల్చాల్సిన విషయం.

ఇందులో నాకు సిగ్గనిపించిన విషయం మరొకటుంది. మెడికల్ కాలేజీ మొదటి సంవత్సరంలోనే మాకు పాఠం చెప్పారు: విటమిన్ సి ని శరీరంలో తయారు చేసుకోలేని జీవులు కొన్నే, వాటిలో మనిషి, కోతి, గినీపంది ఉన్నాయని. పరీక్షలో రాశాను, మార్కులు కూడా వేశారు. ఆ తర్వాత ఫార్మకాలజీ లాబులో గినీపంది పేగు ముక్కని గాజు పాత్రలో వేలాడదీసి, మందు చుక్క పడగానే అది ముడుచుకోవటం మసిపట్టిన డ్రమ్ము మీద గీతగా గీయించటం మా తరం వైద్య విద్యార్థులందరికీ తెలిసిందే. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టినప్పుడు ఆయన ప్రయోగశాలలో ప్రాణాలిచ్చినవాటిలో ఇవీ ఉన్నాయి. ఇంత చాకిరీ చేయించుకున్న జంతువు అట్టపెట్టెలో నా బల్లమీదికి వస్తే గుర్తుపట్టలేకపోయాను.

స్కర్వీ రహస్యం బయటపడింది కూడా దీనివల్లనే. 1907లో నార్వేలో హోల్‌స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఓడల్లో పనిచేసే నావికులకి వచ్చే బెరిబెరి లాంటి జబ్బుని పరిశోధిస్తున్నారు. గినీపందులకి ధాన్యం, రొట్టె తప్ప మరేమీ పెట్టకుండా చూశారు. బెరిబెరి వస్తుందనుకుంటే చిగుళ్లు, కీళ్లు, ఎముకలు చెడి స్కర్వీ వచ్చింది. తాజా కూరలు, నిమ్మజాతి రసాలు ఇస్తే తగ్గింది. వాళ్లు ఆ రోజున గినీపంది బదులు ఎలుకని తీసుకుని ఉంటే ఏమీ తేలేది కాదు. ఎందుకంటే ఎలుక తనకి కావాల్సిన విటమిన్ సి ని తానే తయారు చేసుకుంటుంది. గేదె, మేక, కుక్క, కుందేలు కూడా అంతే, చక్కెరలాంటి పదార్థం నుంచి లివర్లో తయారు చేసుకుంటాయి. ఆ పనిలో చివరి మెట్టుకి కావాల్సిన ఎంజైము మనకీ లేదు, గినీపందికీ లేదు. మన దక్షిణాదిలో కూనూరులో మెకారిసన్ దొరగారు 1918లో మొదలుపెట్టిన పోషకాహార పరిశోధనల్లో కూడా గినీపందులున్నాయి. ఆ సంస్థే తర్వాత హైదరాబాదుకి తరలివచ్చి, జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో పనిచేస్తోంది.

కాబట్టి కుందేలుకి పెట్టిందే దీనికీ పెడదామనుకోవటం మొదటి తప్పు. కుందేలు దాణాలో విటమిన్ సి కలపరు, దానికి అవసరం లేదు గనక. ఎలుకలాగా గింజలు తినే జంతువనుకోవటం రెండో తప్పు. ఇది దక్షిణ అమెరికాలో పెరూ వైపు ఆండీస్ కొండల్లో పుట్టింది, గడ్డి మేసి బతికే ప్రాణి. పేరులో ఉన్న గినీకి గానీ, పందికి గానీ దీనితో చుట్టరికం లేదు.

దాని తిండిలో ముఖ్యమైంది గడ్డి. రోజు మొత్తం తిండిలో ముప్పాతిక భాగానికి పైగా గడ్డే ఉండాలి. పగలూ రాత్రీ ఎప్పుడు చూసినా దాని ముందు గడ్డి ఉండాలి. దీనికి రెండు కారణాలు. మొదటిది పళ్లు. మన పళ్లు ఒకసారి వచ్చి ఆగిపోతాయి. దానికున్న 20 పళ్లూ బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. గంటల తరబడి గడ్డి నమిలితేనే అరుగుతాయి. అన్నం, బిస్కెట్లు మెత్తగా దిగిపోతాయి, పళ్లు అరగవు. వెనక దవడ పళ్లు పెరిగి నాలుక మీదికి వంగిపోతే ఆకలిగా ఉన్నా తినలేదు. రెండోది పేగులు. అవి ఎప్పుడూ కదులుతూ ఉండాలంటే పీచు పడుతూ ఉండాలి. మనం ఒక పూట లంఖణం చేస్తే ఒంటికి మంచిదంటాం. ఇది ఒక రోజు తిండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. పొద్దుట్నించి ఏమీ తినలేదంటే సాయంత్రానికల్లా పశువైద్యుడికి చూపించండి.

మన వైపు గడ్డికి కరువేముంది అంటారేమో. కరువు లేదు గానీ ఎంపిక ఉంది. అన్నిటికన్నా మేలైంది గరిక. వినాయకుడి పూజకి వెతికి తెచ్చుకునే గరికే, మట్టి దులిపి కడిగి నీడన తడి ఆరనిచ్చి పెట్టండి. ఎక్కువ దొరికినప్పుడు నీడలో ఎండబెట్టి దాచుకుంటే ఎండాకాలానికి పనికొస్తుంది. పాల గేదెలున్నవాళ్ల దగ్గర నేపియర్ గడ్డి దొరుకుతుంది, అదీ కొంచెం కలపొచ్చు. వరిగడ్డి పరుపుగా వెయ్యటానికి బావుంటుంది, నమిలినా తప్పులేదు, కానీ దాంట్లో సారం తక్కువ, దాంతోనే సరిపెట్టకూడదు. లూసర్న్ గడ్డిలో సున్నం, అంటే కాల్షియం ఎక్కువ. పిల్లలకి, చూడి మీద ఉన్నవాటికి మంచిది. పెద్దవాటికి రోజూ పెడితే మూత్రాశయంలో రాళ్లు కడతాయి.

లేత జొన్న పైరు పెట్టకండి. వానలేక వాడిన జొన్న మేసి గేదె పడిపోయిన సంగతి మన రైతులకి నేను చెప్పనక్కర్లేదు, దీనికీ అదే విషం. అలాగే సుబాబుల్. మన జిల్లాలో కాగితం మిల్లుల కోసం ఎకరాలకెకరాలు వేశారు. మేకలు ఇష్టంగా తింటాయి గదా అని నాలుగు రెమ్మలు దీనికి వేస్తుంటారు. అందులో మైమోసిన్ అనే పదార్థం ఉంది. నెమరువేసే పశువులు కొంతవరకు దాన్ని తట్టుకుంటాయి, నెమరువేయని జంతువులకి బొచ్చు రాలిపోతుంది. మిరప, పత్తి చేల గట్లమీద గడ్డి ఎంత పచ్చగా ఉన్నా కోయకండి. మందు కొట్టిన చేను అది. గేదెకి ఏమీ కాని మోతాదు కిలో బరువున్న ప్రాణికి ఎక్కువే. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు ఆకులు గడ్డిలో కలిసి వస్తాయేమో చూసుకోవాలి.

ఇక విటమిన్ సి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గినీపందికి కిలో బరువుకి రోజుకి సుమారు 10 మిల్లీగ్రాములు కావాలి. చూడి మీద ఉంటే దానికి మూడింతలు. ఇదేమీ పెద్ద లెక్క కాదు. జామకాయ వంద గ్రాముల్లో సుమారు 200 మిల్లీగ్రాములుంటుంది. అంటే బొటనవేలంత ముక్క, పది గ్రాములది, పెడితే 20 మిల్లీగ్రాములు అందినట్టే. మన ఊళ్లలో రైలు ఆగితే చాలు గంపలతో ఎదురొచ్చే జామకాయ కన్నా చవకైన మందు ఏదీ లేదు. అలాగని కాయంతా పెట్టకండి, తీపి ఎక్కువైతే పేగులు చెడతాయి. రోజూ పెట్టటానికి జామ కన్నా పెద్ద మిరపకాయ, అదే క్యాప్సికం, ఇంకా మంచిది. వందకి వంద మిల్లీగ్రాములకి పైగా విటమిన్, తీపి తక్కువ. కొత్తిమీర నాలుగు రెమ్మలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి.

విటమిన్ సి ఒంట్లో నిలవ ఉండదు. ఆదివారం నాడు జామకాయంతా పెట్టి వారమంతా ఊరుకుంటానంటే కుదరదు. అసలేమీ అందకపోతే రెండు మూడు వారాల్లోనే లక్షణాలు కనిపిస్తాయి. బొచ్చు రేగుతుంది, కదలటానికి ఇష్టపడదు, కీళ్లు వాస్తాయి, ఎత్తుకుంటే అరుస్తుంది, తిండి తగ్గుతుంది. పిల్లలు చూసి "బద్ధకంగా ఉంది" అంటారు, పెద్దవాళ్లు "పక్షవాతం" అంటారు. నాలాంటి డాక్టరు "చీము" అంటాడు.

కొందరు విటమిన్ మాత్ర పొడి చేసి తాగే నీళ్లలో కలుపుతారు. అది దండగ. నీళ్లలో, వెలుతురులో ఆ విటమిన్ కొద్ది గంటల్లో పాడవుతుంది, పైగా రుచి మారిందని అది నీళ్లు తాగటమే మానేస్తుంది. మందుగా ఇవ్వాల్సి వస్తే పసిపిల్లలకిచ్చే విటమిన్ సి చుక్కలు నోట్లో పొయ్యొచ్చు, సీసా మీద ఒక మిల్లీలీటరులో ఎంత ఉందో చదువుకుని లెక్క కట్టాలి. అన్ని విటమిన్లూ కలిపిన టానిక్కు వద్దు. ఏ, డి విటమిన్లు ఎక్కువైతే వాటి బాధ వేరే. పట్నాల్లో గినీపందుల కోసమే తయారైన దాణా బిళ్లలు దొరుకుతాయి. రోజుకి ఒకటి రెండు చెంచాలు చాలు. దాంట్లో కలిపిన విటమిన్ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది గనక, చవగ్గా వస్తోందని పది కిలోల సంచి తెచ్చి ఏడాది వాడకండి. కోళ్ల దాణా అసలు పెట్టకూడదు, దాంట్లో కోళ్ల రోగాలకని కలిపే కొన్ని మందులు దీన్ని చంపుతాయి.

ఆకుకూరలు రోజుకొక టీ కప్పు నిండా, మార్చి మార్చి పెట్టండి. పాలకూర, తోటకూర, గంగవాయిలకూర మనకి మంచివే గానీ రోజూ పెడితే దీనికి రాళ్లు కడతాయి. వారానికి ఒకసారి చాలు. మునగాకూ అంతే. దోసకాయ, బీరకాయ నిరపాయం. క్యాబేజీ ఎక్కువైతే కడుపు ఉబ్బుతుంది. క్యారెట్టు వారానికి రెండు ముక్కలు, మిఠాయి లాగా. టమాటా పండు ముక్క పెట్టొచ్చు, దాని ఆకు విషం. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, పప్పులు, అన్నం, బిస్కెట్లు, పాలు, చాక్లెట్లు వద్దు. "మా ఇంట్లో ఇవన్నీ తిని బానే ఉంది" అనేవాళ్లుంటారు. బీడీ తాగే తాతలు తొంభై ఏళ్లు బతికారని చెప్పేవాళ్లు కూడా నా దగ్గరకి వస్తూనే ఉంటారు.

ఏ కొత్త తిండైనా ఒక్కసారిగా మార్చకండి. వారం పదిరోజులు కొద్దికొద్దిగా పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాలి. ఇంకో మాట. అది తన పెంటికల్లో మెత్తటివి తానే తినటం చూసి కొందరు తల్లులు అసహ్యపడి కొడుతున్నారట. కొట్టకండి. మొదటిసారి జీర్ణం కాగా మిగిలిన బి విటమిన్లు, మాంసకృత్తులు అది అలా రెండోసారి తీసుకుంటుంది. దాని దేహధర్మం అది.

నీళ్ల గురించి మన పశ్చిమ ప్రకాశం వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదట రాసిన డాక్టర్లు 1937లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా రోగుల్ని చూసే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. ఫ్లోరైడు పంటిని పాడుచేసేది పన్ను తయారయ్యే వయసులో. మనకి ఆ వయసు చిన్నతనంతో అయిపోతుంది. ఈ జంతువుకి పన్ను బతికినన్నాళ్లూ తయారవుతూనే ఉంటుంది. కాబట్టి మీరు తాగే ప్లాంటు నీళ్లే దానికీ పొయ్యండి. అది తాగేది ఎంతని? రోజూ సీసా కడిగి కొత్తనీళ్లు మార్చాలి. ఎండాకాలంలో రెండు మూడుసార్లు మార్చాలి.

ఎండ దీనికి ఆగర్భ శత్రువు. 30 డిగ్రీలు దాటితేనే ఆయాసపడుతుంది, మన దగ్గర మే నెలలో 42, 43 మామూలు. పంజరాన్ని రేకుల కింద, బాల్కనీలో ఉంచకండి. ఇంట్లో చల్లని గచ్చుమీద, పక్కన తడి గోనెసంచి వేలాడదీసి ఉంచండి. గడ్డీ ఆకులూ తెల్లవారుజామున, పొద్దుగూకాక వెయ్యండి. మధ్యాహ్నం వేసిన ఆకు వాడి పులిసిపోతుంది. పెట్టెలో మిగిలింది ఏదైనా సాయంత్రానికి తీసి పారెయ్యాలి.

కిరాణా కొట్టు పాప సంగతి చెప్పలేదు గదూ. రెండో గినీపందికి మా మేనల్లుడు ఫోనులో చెప్పిన మోతాదు ప్రకారం విటమిన్ సి చుక్కలు, జామ ముక్క, కొట్టు వెనక పెరట్లో మొలిచిన గరిక మొదలుపెట్టాం. బండలు పాడైతే పాడయ్యాయిలే అన్నది ఇల్లాలు. వారానికి అది పెట్టెలో అటూ ఇటూ తిరిగింది. మూడోవారంలో పాప దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చి, నన్ను చూడకుండా దాని బొచ్చు నిమురుతూ అడిగింది, "నాకూ పళ్లు తోముకుంటే రక్తం వస్తది సార్. నాక్కూడా ఇదేనా?"

నోరు తెరిపించి చూశాను. పాచి పట్టి చిగుళ్లు వాచాయి. మన దగ్గర చిగుళ్ల రక్తానికి చాలావరకు అదే కారణం, స్కర్వీ అరుదు. కానీ ఏం తింటావని అడిగితే కూరలు పక్కకి తోసి పెరుగన్నం, బిస్కెట్లు అని చెప్పింది. రోజుకి రెండుపూటలా పళ్లు తోముకోమని, గినీపందికి ముక్క కోసినప్పుడు మిగతా జామకాయ తను తినాలని చీటీ రాసిచ్చాను. ఈసారి తండ్రికి ఇవ్వకుండా పాప చేతికే ఇచ్చాను.

ఆ చీటీలో ఇంకో పని కూడా రాశాను, అది మీరూ చెయ్యొచ్చు. వారానికొకసారి, ఒకే వేళకి, దాన్ని తక్కెడలో పెట్టి తూచి పుస్తకంలో రాసుకోవాలి. కూరల తక్కెడ చాలు. వాళ్లకైతే కొట్లో కాటా ఉంది. ఈ జంతువు జబ్బుని దాచుకుంటుంది, చూపులకి బాగానే ఉన్నట్టుంటుంది, బరువు మాత్రం ముందే తగ్గుతుంది. వారంలో యాభై గ్రాములు తగ్గితే జాగ్రత్తపడాలి, వంద తగ్గితే ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి. నేను బదిలీ మీద కురిచేడు వదిలే నాటికి ఆ పాప పప్పుల ఖాతా పుస్తకంలో చివరి పేజీలు తనవి చేసుకుని తొమ్మిది నెలల బరువులు రాసింది. ఆఖరిది 940 గ్రాములు.